నవజీవన్ రైలు దారిలో జీవపరిణామం

(సూరత్‌లో తెలుగు మాధ్యమ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి జరుపుకున్న సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

ముందు వరసల్లో కూర్చున్న పిల్లలూ, ఈ సాయంత్రం నేను మాట్లాడేది మీతోనే. వెనక కూర్చున్న అమ్మానాన్నలు కూడా వింటామంటే నాకేం అభ్యంతరం లేదు.

మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ చేరామో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. మీ అందరికీ ఆయన సార్. నేనూ సార్ అనే అంటాను. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే వరంగల్లో ఇప్పటికీ కొందరు నమ్మరు. అలాంటి బడిలో సార్ ఏళ్ల తరబడి సైన్స్ చెప్పారు. ఊరి పేరు లేని పాఠం ఆయన నోట వచ్చేది కాదట. నీటి పీడనం అంటే ఉకాయ్ ఆనకట్ట, ఆటుపోట్లు అంటే డుమస్ తీరం. జీవపరిణామం మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, ఆయన పద్ధతిలోనే మాట్లాడాలనిపించింది.

భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. పుస్తకాల్లో ఈ కథ ఎప్పుడూ ఆ చివరి నుంచే మొదలవుతుంది: సలసల కాగే భూమి, సముద్రం, అందులో ఏకకణ జీవి, తర్వాత చేప, కప్ప, బల్లి, కోతి, చివర మనిషి. చదివితే ఇదంతా మనకోసమే జరిగినట్టు ఉంటుంది. ఆ వరస నాకు నచ్చదు. అది అబద్ధం కూడా. అందుకని మనం వెనక నుంచి వెళ్దాం. దానికి మీ అందరికీ తెలిసిన దారి ఒకటుంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. అహ్మదాబాద్‌లో బయల్దేరి సూరత్, నందుర్బార్, భుసావల్, వార్ధా, బల్లార్షా, మంచిర్యాల, వరంగల్ మీదుగా చెన్నై పోయే బండి. కిటికీ పక్క సీటు కోసం మీరు కొట్టుకుంటారు కదా, ఆ కిటికీలోంచి కనిపించే నేల వయసు కాస్త అటూఇటుగా పెరుగుతూ పోతుంది.

బండి ఎక్కేముందు పక్క ఊరొకటి చూడాలి. సూరత్‌కు ఈశాన్యంగా, మాంగ్రోల్ తాలూకాలో వస్తాన్ అనే గ్రామం ఉంది. అక్కడ లిగ్నైట్ తవ్వారు. నానీ నరోలీ విద్యుత్ కేంద్రంలో మండేది ఈ ప్రాంతపు లిగ్నైటే. మన ఇళ్లలో ఫ్యాను తిప్పిన కరెంటులో ఆ అడవి కూడా కొంత ఉందన్న మాట. అవును, అడవే. సముద్రం పక్కన చిత్తడి నేలలో పెరిగి, కూలి, బురద కింద నలిగి నల్లబడిన అడవి. వయసు సుమారు 5.45 కోట్ల సంవత్సరాలు.

2002లో అమెరికా శాస్త్రవేత్త కెన్నెత్ రోజ్ బృందం పురాతన క్షీరదాల కోసం రాజస్థాన్ వచ్చింది. కొన్ని చేప ఎముకలు తప్ప ఏమీ దొరకలేదు. మరుసటి ఏడాది గఢ్వాల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ర రాణా ఊరుకోకుండా దక్షిణంగా లిగ్నైట్ గనులు చూసుకుంటూ వచ్చి వస్తాన్ చేరారు. 2004లో బెల్జియం శాస్త్రవేత్త థియెరీ స్మిత్ కంటికి ఇక్కడ వాళ్ల మొదటి క్షీరద శిలాజాలు పడ్డాయి. ఈ పని సినిమాల్లో చూపించినట్టు ఉండదు. లిగ్నైట్ పొరకు కాస్త పైనున్న బంకమట్టిని బస్తాలకెత్తి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన నలుసుల్ని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే చూడాలి. బస్తా మట్టికి ఒక పన్ను దొరికితే ఆ రోజు పండగే.

అలా దొరికినవాటిలో ముఖ్యమైనది కాంబేథీరియం. 2005లో సునీల్ బాజ్‌పాయ్, ఆయన సహచరులు దానికి ఆ పేరు పెట్టారు. సుమారు గొర్రెంత జంతువు. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే పెళ్లి ఊరేగింపులో గుర్రం కాలు చూడండి. గుర్రం ఒకే ఒక్క వేలి మీద నడుస్తుంది. గిట్ట అంటే ఆ వేలి గోరు. ఖడ్గమృగానికి పాదానికి మూడు వేళ్లు. టాపిర్‌కు ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి. ఈ మూడూ ఒకే కుటుంబం. ఈ కుటుంబం ఎక్కడ పుట్టిందన్నది చాలాకాలం తేలలేదు. ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో ఇవి ఉన్నట్టుండి కనిపిస్తాయి, ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు. కాంబేథీరియం పళ్లు, నడుము దగ్గరి వెన్నుపూసలు, చేతి, కాలి ఎముకలు ఈ కుటుంబానికీ, అంతకంటే పాత జంతువులకీ మధ్యస్థంగా ఉన్నాయి. 2014లో రోజ్ బృందం ఈ కుటుంబం పుట్టిల్లు భారతదేశమే కావచ్చని రాసింది. 2020 నాటికి ఈ ఒక్క జంతువువే 350కి పైగా శిలాజాలు పోగయ్యాయి.

ఇక్కడ ఒక చిక్కుంది, మీలో చురుకైనవాళ్లు ఈపాటికే పట్టుకుని ఉంటారు. గుర్రాల బంధువులు ఐరోపాలో 5.6 కోట్ల ఏళ్ల కిందటే ఉంటే, 5.45 కోట్ల ఏళ్ల కిందటి మన జంతువు వాటికి తాత ఎలా అవుతుంది? కాదు. తాత కాదు. తాతగారి పోలికలు ఎక్కువగా నిలుపుకున్న ఒక పక్క శాఖ. అసలు శాఖలు వేగంగా మారిపోయి ఊళ్లు పట్టుకు పోయాయి, ఇది పాత రూపంలో ఇక్కడే ఉండిపోయింది. చివరికి వంశం లేకుండా పోయింది కూడా. అది గుర్రం కావాలని బయల్దేరి మధ్యలో ఆగిపోలేదు. దాని బురదలో, దాని ఆకులతో దాని బతుకు అది బతికింది.

ఆ జంతువు పూర్తి పేరు కాంబేథీరియం థెవిస్సీ. హాన్స్ థెవిస్సెన్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టిన పేరు. ఆయన కథ కూడా మన దేశానిదే. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి, 1971లో అందులోని ఒక చిన్న జంతువుకు ఇండోహైయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక విప్పని రాళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని థెవిస్సెన్‌కు అప్పగించారు. ప్రయోగశాలలో రాయి చెక్కుతుండగా సహాయకుడి చేతిలో ఒక పుర్రె విరిగింది. చెవి ఎముక బయటపడింది. ఆ ఎముక లోపలి అంచు దళసరిగా ఉంది. అలాంటి చెవి తిమింగలాలకు మాత్రమే ఉంటుందని అంతవరకూ అనుకునేవారు! పిల్లి కంటే కాస్త పెద్దదైన, గిట్టలున్న, జింకలాంటి ప్రాణి, తిమింగలాలకు దగ్గరి దాయాది. 2007లో ఈ సంగతి ప్రకటించారు. కాళ్లున్న తొలి తిమింగలాల ఎముకలు కొన్ని మన కచ్‌లోనే దొరికాయి. రాష్ట్రం దాటి పోనక్కర్లేదు.

మళ్లీ వస్తాన్‌కి. ఏడు జాతుల గబ్బిలాలు దొరికాయి, ఆసియాలో తెలిసినంతలో అంత పాతవి అప్పటికి లేవు. అప్పటికే ఏడు రకాలంటే వాటి మొదలు ఇంకా వెనక ఎక్కడో ఉండాలి. పాములు, కప్పలు, బల్లులు, పక్షులు, కుందేలు బంధువు ఒకటి, అన్నీ ఉన్నాయి. వీటన్నిటికంటే నాకిష్టమైనది బంక. చెట్టు కాండం నుంచి కారి గట్టిపడిన బంక, ఆంబర్ అంటారు. రసాయన పరీక్ష చేస్తే అది సాల వృక్షం కుటుంబపు చెట్లదని తేలింది. పూజలో వేసే గుగ్గిలం ఇచ్చే చెట్ల కుటుంబమే; శేషాచలం కొండల్లోని జాలారి చెట్టు కూడా అదే కుటుంబం. 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ బంకలో 700కు పైగా పురుగులు, సాలెపురుగులు చిక్కి ఉన్నాయి: చీమలు, చెదలు, తేనెటీగల బంధువులు, దోమల్లాంటివి. ఈ బంక పూర్తిగా రాయిగా మారలేదు. ద్రావకంలో కరిగిస్తే పురుగు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. రెక్క మీద నూగు లెక్కపెట్టుకోవచ్చు.

ఆ పురుగులు ఒక పెద్ద ఊహను కూడా కదిలించాయి. భారతదేశం ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి విడిపోయి, కోట్ల ఏళ్లు సముద్రంలో ద్వీపంగా ఉత్తరానికి జరిగి, ఆసియాను ఢీకొంది. అంతకాలం ఒంటరిగా ఉంటే ఇక్కడ మరెక్కడా లేని ప్రాణులే ఉండాలి. కానీ వస్తాన్ బంకలోని పురుగులకు ఐరోపాలో, ఆసియాలో, ఇంకా దూరాల్లో కూడా బంధువులున్నారు. అంటే ఢీకొనడానికి ముందే మధ్యలో దీవుల మీదుగానో మరోలాగో రాకపోకలు ఉండేవి. సూరత్ రేవుకు అరబ్బులు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు రావడం మీరు చరిత్రలో చదువుకుంటారు. పురుగులు వాళ్లకంటే ముందొచ్చాయి.

ఇక బండెక్కుదాం. తాపీ లోయ మట్టి దాటి నవాపూర్, నందుర్బార్ దగ్గరికి వచ్చేసరికి కొండలు మెట్లుమెట్లుగా, పైన చదునుగా కనిపిస్తాయి. నల్ల రాయి. అదంతా లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలి, పొర మీద పొరగా పారిన లావా. వార్ధా దాటేదాకా మీ బండి దాదాపు ఈ రాతి మీదే పోతుంది. ఆ ప్రవాహాల్లో కొన్ని వెయ్యి కిలోమీటర్ల దూరం పారి రాజమండ్రి దాకా వెళ్లాయని తేలింది. గోదావరి ఒడ్డున కాటేరు దగ్గర మీరు ముట్టుకునే నల్లరాయి పుట్టింది ఈ పడమటి దిక్కునే. వస్తాన్ లిగ్నైట్ కింద ఉన్నదీ ఈ లావాయే. ఇదే కాలంలో మెక్సికో తీరంలో ఒక గ్రహశకలం పడింది. పక్షుల వంశం తప్ప డైనోసార్లన్నీ పోయాయి. దోషం లావాదెంత, గ్రహశకలానిదెంత అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. గ్రహశకలం వైపే ఎక్కువమంది మొగ్గు.

లావా పొరకూ పొరకూ మధ్య విరామం ఉండేది. ఆ విరామాల్లో చెరువులు నిండేవి, గడ్డి మొలిచేది, చిన్న ప్రాణులు తిరిగేవి. ఇక్కడ నవజీవన్ దిగి కాస్త దక్షిణానికి, వికారాబాద్ దగ్గరి నస్కల్ గ్రామానికి వెళ్లాలి. లావా మధ్య చిక్కిన చెరువు మట్టిని అక్కడ జల్లెడ పట్టి, జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ ఒక చిన్న క్షీరదం పళ్లను కనుక్కున్నారు. 1988లో ప్రకటించారు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు. పేరు డెక్కనోలెస్టిస్. చుంచంత ప్రాణి. తర్వాత దొరికిన మడమ ఎముకలు చూస్తే చెట్లెక్కేదని తెలిసింది. రాజసారస్ లాంటి పెద్ద డైనోసార్లు నర్మద ఒడ్డున తిరుగుతున్న రోజుల్లో ఈ చుంచు నస్కల్‌లో కొమ్మ పట్టుకుని పాకుతోంది. ఆ రోజు ఎవరైనా చూసి ఉంటే, భవిష్యత్తు ఎవరిదని అడిగితే, చుంచుదని చెప్పేవారా?

మళ్లీ బండెక్కితే, వరోరా, చంద్రపూర్ దగ్గర బొగ్గు మొదలవుతుంది, అక్కడి నుంచి బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం దాకా బొగ్గే. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది, అది గ్లాసోప్టెరిస్ అనే చెట్ల అడవి. ఆ చెట్టు ఆకు ముద్రలు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరుకుతాయి. ఒకప్పుడు ఇవన్నీ ఒకే నేల. ఇదే ప్రాణహిత–గోదావరి లోయలో, బొగ్గు కంటే చిన్న వయసు రాళ్లలో, యామన్‌పల్లి దగ్గర సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి పొడవు మెడ డైనోసార్ ఎముకలు కుప్పగా దొరికాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ముప్పై అడుగుల ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. సాలార్జంగ్ గడియారం చూసిన రోజే దాన్నీ చూసి రండి.

వరంగల్ గ్రానైట్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లవి. కరిగి గట్టిపడిన రాయి కాబట్టి అందులో శిలాజం దొరకదు. ఇంకా వెనకటి ప్రాణుల గుర్తులు కావాలంటే కడప పోవాలి. సూరత్ ఇళ్లల్లో వంటగట్టు మీద పరిచే నల్ల బండను కడప్పా అంటారు కదా, ఆ రాయి వచ్చే ప్రాంతంలోనే, వేంపల్లె సున్నపురాతిలో, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. స్ట్రోమటొలైట్లు. లోతు లేని నీళ్లలో సూక్ష్మజీవుల పొరలు బురదను పట్టుకుని కట్టిన దిబ్బలు. 190 కోట్ల ఏళ్లకు మునుపటివి. ఆస్ట్రేలియాలో 350 కోట్ల ఏళ్లవి కూడా ఉన్నాయి. ప్రాణం చరిత్రలో ఎక్కువ భాగం ఇదే: కంటికి కనిపించని జీవులు, కళ్లు లేని లోకం. మనం పీల్చే ఆక్సిజన్ గాలిలో నిండడం మొదలైంది వాటివల్లే.

చూశారుగా, ప్రతి స్టేషన్‌లోనూ ఎవరో ఒకరు రాజ్యం చేశారు, పోయారు. ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక జీవి ఇంకొకటిగా మారుతుందంటే ఎలా మారుతుంది?

మీలో చాలామంది ఇళ్లల్లో సాంచాల, అంటే మరమగ్గాల, పని ఉంది, జకార్డ్ అట్టలు చూసి ఉంటారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డ్‌లు వచ్చాయి కానీ, తాతల్ని అడగండి. అట్ట మీద రంధ్రం ఎక్కడుంటే ఆ దారం లేస్తుంది, రంధ్రాల వరసను బట్టి పువ్వు పడుతుంది. పాత అట్టలు అరిగితే చూసి కొత్తవి కొట్టాలి. కొట్టేటప్పుడు ఒక రంధ్రం పక్కకు పోయిందనుకోండి. చాలాసార్లు బట్ట పాడవుతుంది, అట్ట అవతల పారేస్తారు. కొన్నిసార్లు తేడాయే తెలియదు. ఎప్పుడో ఒకసారి కొత్త పువ్వు పడి, బజారులో అదే అమ్ముడుపోతుంది. అప్పుడు ఆ తప్పున్న అట్టకే నకళ్లు పెరుగుతాయి. జీవకణంలోని డీఎన్‌ఏకు నకలు తీసేటప్పుడు కూడా ఇలాగే తప్పులు పడతాయి. పిల్లల్లో తేడాలు వస్తాయి. ఉన్న చోట ఏ తేడా బతకడానికి, పిల్లల్ని కనడానికి పనికొస్తే అది పెరుగుతుంది. 1859లో డార్విన్ చెప్పింది ఇందులో రెండో సగం. తప్పులు ఎక్కడ పడతాయో ఆయనకు తెలియదు. పోలిక ఇక్కడితో ఆపాలి. సాంచాలకు డిజైన్ గీసేవాడున్నాడు, మాస్టర్ ఉన్నాడు, సేటు ఉన్నాడు. ప్రకృతిలో ఈ ముగ్గురూ లేరు. పువ్వు బాగుందో లేదో చూసేవాడు లేడు, బతికిందా లేదా అన్నదొక్కటే లెక్క.

ఇది కోట్ల ఏళ్ల కిందటి ముచ్చట మాత్రమే అనుకోకండి. 1994 సెప్టెంబరు మీ అమ్మానాన్నలకు గుర్తుంటుంది. సూరత్‌లో ప్లేగు. లక్షలమంది ఊరు విడిచిపోయారు, మనవాళ్లు దొరికిన బండెక్కి ఊళ్లకు పరుగెత్తారు. మందుల దుకాణాల ముందు టెట్రాసైక్లిన్ కోసం వరసలు. ప్లేగు సూక్ష్మజీవి చాలా కొత్త జీవి, కొన్ని వేల ఏళ్ల కిందటే పుట్టింది. దాని పూర్వజం పేగుల్లో జబ్బు చేసే ఒక సూక్ష్మజీవి. అంత ప్రాణాంతకం కాదు. వేరే సూక్ష్మజీవుల నుంచి అందుకున్న కొన్ని జన్యువులు, తనలో పాడైపోయిన మరికొన్ని జన్యువులు, అంతే తేడా. అందుకున్న జన్యువుల్లో ఒకటి, ఎలుక ఒంటి మీది ఫ్లీ అనే పురుగు కడుపులో బతకడానికి పనికొచ్చింది. దాంతో నీళ్లతో, తిండితో పాకాల్సిన జీవికి పురుగు కాటుతో రక్తంలోకి దూరే దారి దొరికింది. చరిత్రలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన జబ్బు అలా తయారైంది. మనం మందు మింగినప్పుడల్లా లోపల జరిగేది కూడా ఇదే: మందును తట్టుకోగలవి మిగులుతాయి, వాటి సంతానం పెరుగుతుంది. జలుబుకు యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటున్న పెద్దలు ఈ మాట కాస్త గట్టిగా వినండి.

సార్‌ను ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు అడిగేవాడట, కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయని. ఇప్పుడు మీకు జవాబు చెప్పడం తేలిక. ఈనాటి కోతి మనకు తాత కాదు, దాయాది. వస్తాన్‌లో ఏషియడాపిస్, మార్క్‌గొడినోషియస్ అనే చిన్న ప్రైమేట్లు దొరికాయి. 2016లో అక్కడి 25 చేతి, కాలి ఎముకల్ని పరిశీలించి, ఇవి అన్ని ప్రైమేట్ల ఉమ్మడి పూర్వజానికి చాలా దగ్గరి పోలికలున్నవని రాశారు. ఎలుకంత ప్రాణులు. ఒక వైపు లీమర్లు, దేవాంగపిల్లులు, మరో వైపు కోతులు, వానరాలు, మనం. ఆ రెండు దారులూ అప్పటికి విడిపోయి ఎంతో కాలం కాలేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగాన్ని తీసేసింది. వద్దని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. భారం తగ్గించడానికన్నది సంస్థ మాట. పదో తరగతి తర్వాత కామర్స్‌కో, ఐటీఐకో, నేరుగా సాంచాల దగ్గరికో పోయే పిల్లలకు ఈ పాఠం మళ్లీ ఎదురుకాదు. అలాంటి పిల్లలే ఈ గదిలో ఎక్కువ. భారం ఎవరికి తగ్గిందో నాకైతే అర్థం కాలేదు.

ఒక్క సంగతి చెప్పి ప్రశ్నలకు వదిలేస్తాను. నస్కల్ చుంచుకూ వస్తాన్ జంతువులకూ మధ్య సుమారు కోటి సంవత్సరాల పైన ఖాళీ ఉంది. ఆ మధ్యకాలపు క్షీరదాలు మన దేశంలో దొరకలేదనే చెప్పాలి. లావా చల్లారాక ఇక్కడ ఎవరు మిగిలారు, బయటి నుంచి ఎవరొచ్చారు, కాంబేథీరియం పూర్వీకులు ఇక్కడివాళ్లా, వలస వచ్చినవాళ్లా అన్నది ఆ ఖాళీలోనే ఉంది. ఆ కాలపు రాళ్లు లేక కాదు. భరూచ్ జిల్లాలో వాగడ్‌ఖోల్ పేరున్న పొర లావాకు పైన, లిగ్నైట్‌కు కింద ఉంది. మొక్కల ఆనవాళ్లు అందులో దొరికాయి. పన్ను దొరకాలి. ఒకటో రెండో మిల్లీమీటర్ల పన్ను, సూక్ష్మదర్శిని కింద పెడితే మూడు చిన్న గుబ్బలు కనిపించేది. దానికి కావలసింది బస్తాలు, నీళ్లు, జల్లెడ. ఇప్పుడు మీరు అడగండి.